జీడిసొన తిన్న వేలు

కోటబొమ్మాళి,
20-4-2020

బావా,

చెన్నైలో ఆ సైటు షెడ్డులో ఏం తింటున్నావో అని రోజూ అనుకుంటున్నాను. ఇది ఫోన్‌లో చెప్పాల్సిన మాటే. కానీ ఫోనైతే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, అసలు సంగతి మిగిలిపోతుంది. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

కరోనా సాయమని ప్రభుత్వం రైతులకు వేసిన డబ్బు నా పేరున పడింది. మా అమ్మ పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎనభై సెంట్ల పొలం పాసుపుస్తకం నాదే కదా. బస్సులు లేవని పోస్టుమేన్ థామస్ గారే వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే మిషన్ పట్టుకుని మన వీధికి వచ్చారు. అందరి వేలిముద్రలూ పడ్డాయి, నాది పడలేదు. సబ్బుతో కడిగాను, కొంగుతో తుడిచాను, పది వేళ్లూ పెట్టాను. ఆయన నా చెయ్యి తిప్పి చూసి, "ఏటమ్మా, నీ ఏళ్లకి గీతలే లేవు. జీడిపిక్కలు కొట్టేదానివేటి?" అని వీధి మొత్తం వినేలా అడిగారు.

అవును బావా. జీడిపిక్కల బట్టీకి వెళ్లనని నీకు ఒట్టు వేశాను. నువ్వు రైలెక్కిన పదో రోజే వెళ్లాను. సొన అంటకుండా చేతికి ఆముదం రాసుకుంటే పిక్క జారి పని సాగదు. అందుకని రాయడం మానేశాను, జీడిసొన వేళ్లను తినేసింది. నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా గోరింటాకు పెట్టుకున్నది ఆ నలుపు కనబడకూడదనే. నీ కోసమని నువ్వు మురిసిపోయావు. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు మీ అమ్మ, "పొలం నా కొడుకు పేరున మార్సీయే. ఆడి ఏలు పడతాది, డబ్బులొస్తాయి" అంటోంది. విత్తనాలకు వేళవుతోంది, కాబట్టి ఆవిడ మాటలో తప్పేం లేదు. కానీ నాకంటూ ఉన్నది ఆ పొలం చెక్క ఒక్కటే. అబద్ధమాడినందుకు ఎంతైనా తిట్టు, పడతాను. పొలం మాత్రం అడగకు. నువ్వు అడిగితే కాదనలేను.

నీ దుర్గ


చెన్నై,
6-5-2020

దుర్గా,

ఉత్తరం చదివి, షెడ్డులో నాతో ఉంటున్న మన లక్ష్ముడి ముందే నిన్ను తిట్టాను. వాడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

లాక్‌డౌన్ మొదట్లో ఇక్కడ కూలీలకు బియ్యం ఇచ్చారు. నా వేలు కూడా పడలేదు. సిమెంటు తినేసింది. మూడు రోజులు వరసలో నిలబడి ఉత్త సంచీతో వచ్చాను. ఇరవై రోజులు లక్ష్ముడి బియ్యంలోనే తిన్నాను. కడుపు నిండా తింటున్నానని ఫోన్‌లో చెప్పింది అబద్ధం. ఇద్దరం ఒకరినొకరం బాగానే మోసం చేసుకున్నాం.

ఈ ముక్క అమ్మకి చదివి వినిపించు: "అమ్మా, నా ఏలు కూడా పోనాది. పొలం నా పేరున ఎడితే ఇద్దరికీ రాదు." ఇంకోటి నీకు మాత్రమే చెబుతున్నాను. నా వేలు పడినా అడిగేవాణ్ణి కాదు.

కొండబాబు


కోటబొమ్మాళి,
28-5-2020

బావా,

బట్టీ మూసి రెండు నెలలు దాటింది. చేతులకు పొర ఊడి కొత్త చర్మం వచ్చింది. నిన్న థామస్ గారు వస్తే మళ్ళీ పెట్టాను. తొమ్మిది వేళ్లు పడలేదు. ఎడమ బొటనవేలు పడింది! పనిలేక పస్తులున్న రోజులే నాకు వేలు తెచ్చి ఇచ్చాయి. మీ అమ్మ ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకేటి సూస్తన్నావు, ఇత్తనాలకి ఎల్లు" అంది. పొలం మాట మళ్ళీ ఎత్తలేదు. నీ ఉత్తరం విన్న రోజు మాత్రం ఆవిడ అన్నం ముట్టలేదు.

సోమవారం బట్టీ తెరుస్తారు. వెళ్తాను. ఈసారి నీకు చెప్పి వెళ్తున్నాను కాబట్టి పాత ఒట్టు తీసేయి. పని తగ్గినా సరే, ఆముదం రాసుకుంటాను. ఎడమ బొటనవేలికి మాత్రం గుడ్డ చుట్టి పక్కన పెడతాను. అది పొలానిది.

రైళ్లు మొదలవగానే వచ్చేయి. అప్పటిదాకా నువ్వు కూడా ఒక్క వేలు దాచుకో.

నీ దుర్గ