పటేలు కొడుకును 'రా' అనే వేషం

1964 నవంబర్ 12
గియ్యాల మల్ల అదే. నాటకంల నేను దొర, రాఘవరెడ్డి నా జీతగాడు రాములు. మొదటి మాట నాదే — "ఏంరా రాములూ, గిప్పుడా వచ్చేది?" నోట్లకెల్లి ఏమొచ్చిందంటే — "ఏం పటేలా, గిప్పుడా వచ్చేది?"
ఒక్కటే నవ్వుడు. దొర జీతగాన్ని పటేలా అనవట్టె! రాఘవరెడ్డి పొట్ట పట్టుకొని నవ్విండు. ఆయన మా ఊరి పటేలు కొడుకాయె. శక్కర ఫ్యాక్టరీల నా లెక్కనే గుమాస్తా, అయినా నాకు చిన్న పటేలే. నా నాలుకకు నాటకం ఎరుకనా?

నవంబర్ 14
నాటకం నేర్పేది సుదర్శనం సార్, బడిపంతులు. ఓపికున్నోడు. గని గియ్యాల కసిరిండు. "దానయ్యా, దొర తలకాయ తిప్పడు. కిందోడే ఆయన కండ్ల ముంగటికి రావాలె. నువ్వేంది, రాములు ఎటు పోతే అటు తిరుగుతున్నవ్?"
ఒక ఆట గూడ ఆడిచ్చిండు — ఇద్దరం ఎదురెదురు నడవాలె, ఎవలు పక్కకు జరుగుతరో వాళ్లు చిన్న. జరగొద్దు జరగొద్దు అనుకుంటనే జరిగిన. ఎన్నిసార్లు నడిచినా అంతే. థూ!
రాఘవరెడ్డి ఏమో… నవ్విచ్చే వేషమని ఏరి మరీ తీసుకున్నడు. "నీ బాంచెన్ దొరా" అంటడు, నడుం మీద చెయ్యేసుకొని, హుకుం ఇచ్చినట్లు. ఆయనను ఎవలు కసరరు.

నవంబర్ 15
ఫ్యాక్టరీ కాంట కాడ చెరుకు బండ్లు. ఒక ముసలాయన బండి అడ్డం పెట్టిండు. "ఏంరా, పక్కకు తియ్!" అన్న. ఎంత సాఫీగ వచ్చింది! గాయనకైతే వస్తది, రాఘవరెడ్డికి రాదు. నా మీద నాకే మండుతున్నది.

నవంబర్ 18
సార్ అన్నడు — "మీరిద్దరు వేషాలు మార్చుకుండ్రి. ఆయన దొర, నువ్వు జీతగాడు. నేర్పే పనే ఉండదు."
నేర్పే పనే ఉండదట! కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పొడుగున్నవ్, చర్చిల పాడిన గొంతు అని ఆయనే గద దొర వేషమిచ్చింది. జీతగాని వేషం మా ఇంట్ల అందరు ఏసిండ్రు. తాత ఏసిండు, బాపు ఏసిండు. నాటకంల గూడ నేను గదే ఎయ్యాల్నా?
"నాలుగు దినాలు ఆగుండ్రి సార్" అన్న. "సరే, సూద్దాం" అన్నడు.

నవంబర్ 19
గియ్యాల గూడ 'రా' నోటికి రాలే.

నవంబర్ 21
వచ్చింది!
రిహార్సల్ నడుమ రాఘవరెడ్డి బెంచి మీద కాళ్లు చాపి, "దానయ్యా, ఒక చాయ్ పట్టుకరా పో" అన్నడు. నేను దొర షేర్వాణి తొడుక్కొని ఉన్న. గా షేర్వాణి మీదనే చాయ్‌కు లేచిన. ఏం చేస్తున్నవ్‌రా నువ్వు — అని ఒళ్లంత కాలింది. మల్ల పోయి కుర్చీల కూసున్న. తలకాయ తిప్పలే. "ఏంరా రాములూ…"
ఎవలు నవ్వలే. రాఘవరెడ్డి కాళ్లు కిందికి దించిండు. సార్ మెల్లగ — "గదీ!"

నవంబర్ 29
నిన్న నాటకమైంది. ఈలలు, చప్పట్లు. నేను 'రా' అన్నప్పుడల్లా ఎన్క నుంచి కేకలు. ముంగట కుర్చీల పెద్ద పటేలు. ఎన్క, కింద పరిచిన జంఖానా మీద బాపు.
మొఖం రంగు కడుక్కొని వచ్చేసరికి బాపు పటేలు కుర్చీ కాడ ఉన్నడు, చేతులు కట్టుకొని. "పోరడు ఆటల అన్నడు పటేలా. మనసుల పెట్టుకోకు."
పటేలు ఇటు సూడనే లేదు. "మంచిగనే చేసిండు తియ్."
ఇంటికొచ్చి ఒర్రిన. నువ్వెందుకు పోయినవ్ బాపూ, నిన్నెవలు పొమ్మన్నరు?
"నువ్వు అంటివి గద బిడ్డా. ఎవలో ఒకలు పోవాలె గద."

డిసెంబర్ 2
నిజామాబాద్‌ల గూడ ఆడుతరట. పెద్ద స్టేజి. పటేలు చుట్టాలను తోల్కొని వస్తడట. వస్తవా రావా ఇయ్యాల చెప్పు, అని సార్ కబురు పంపిండు.
బాపు వాకిట్ల కూసున్నడు. "నన్ను గూడ తోల్కపో బిడ్డా" అంటున్నడు. ఎందుకో నాకు ఎరుకే, పటేలు గూడ వస్తడు గద.
సార్‌కు ఇంకా జవాబు పంపలే…