వెనక సీట్లో మన పాప

కుమారీ,

ఈ రోజు పాపని బండి ఎక్కించాను. నువ్వు పోయాక ఇదే మొదటిసారి.

ముగ్గురం వెళ్లేటప్పుడు అది మన మధ్య కునుకు తీసేది. వెనక నువ్వున్నావని నాకు చింత ఉండేది కాదు. నువ్వు లేకుండా అది నిద్రపోతే పట్టుకునేదెవరని, వజ్రపుకొత్తూరులో మీ అమ్మ దగ్గరికి ఇన్నాళ్లూ బస్సులోనే తీసుకెళ్లాను. చివరికి మీ అమ్మే అంది: "ఇంకెన్నాళ్లు బస్సుల్లో తిప్పుతావు బాబూ? దాని కాళ్లు ఫుట్‌రెస్టుకి అందుతన్నాయి కదేటి."

చిన్న హెల్మెట్ కొన్నాను. తిరిగి పలాసలో ఇల్లు చేరేదాకా కబుర్లు ఆపకూడదని పాపకి షరతు పెట్టాను.

తిరిగొస్తుంటే, జీడితోటల మధ్య, అమ్మమ్మ కోడిపిల్లల గురించి చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని అదిమి పట్టుకుని, బండి మెల్లగా పక్కకి ఆపాను. తిరిగి చూస్తే కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. బుగ్గ నిండా జీడిపండు. బయల్దేరేటప్పుడు మీ అమ్మ చేతిలో పెట్టిందట.

"నోట్లో పండెట్టుకుని ఎలగ మాటాడతాను నాన్నా?" అంది, మింగాక.

దాని పండు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాం.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే, వెనకవైపు దాని మూతి అంత మరక. జీడిరసం మరక పోదని నీకు తెలుసు. "తెల్లసొక్కా ఎవులు ఏసుకోమన్నారు?" అని నన్నే తిట్టేదానివి.

రేపు పాపని బడి దగ్గర దించడానికి ఇదే వేసుకుంటాను.