ఘాటు పడని హోటల్

శుక్రవారం, రాత్రి

నాకు తెలిసిన మాటలన్నీ వెతికాను. ఆ హోటల్ మేనేజరుకు సరిపోయే తిట్టు ఒక్కటీ దొరకలేదు.

మా బజారులో కొత్త హోటల్ లేచింది. రాత్రయితే మేడ మీద పాటలు, రంగు దీపాలు, ఎక్కడెక్కడినుంచో ఊరు చూడటానికి వచ్చినవాళ్లు. ఎదురుగా గోడౌన్ వాకిట్లో పగలంతా అమ్మవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తారు. ఆ ఘాటుకు గెస్టులు దగ్గుతున్నారట. అందుకని హోటల్‌వాళ్లు గోడౌన్‌ను బైపాస్ అవతలికి మార్పిస్తున్నారు. హోటల్ బోర్డు మీద మాత్రం ‘అసలైన గుంటూరు ఘాటు’ అని రాసుకున్నారు.

సాయంత్రం మేనేజరే గోడౌన్ దగ్గరికి వచ్చాడు. “రాత్రిపూట మా గుమ్మంలో కాయల కుప్ప ముందు కూర్చోండమ్మా, కూలి ఇస్తాం. గెస్టులు ఫోటోలు తీసుకుంటారు” అన్నాడు.

“పగలు దగ్గు తెప్పించిన కాయలు రాత్రికి తియ్యగా మారతాయాండీ?” అంది అమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు.

“అవి ప్లాస్టిక్‌వి లేమ్మా.”

నేను అతని మీదికి అరుస్తూ వెళ్లాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది. ఆ మోకాళ్ల నొప్పులతో బైపాస్ దాకా రోజూ వెళ్లడం తనవల్ల కాదు. అది నాకూ తెలుసు.

ఇప్పుడు ట్రంకుపెట్టె తెరిచి, ఏ చీరయితే ఫోటోలో బాగుంటుందని అడుగుతోంది. నేనింకా ఈ డైరీలోంచి తలెత్తలేదు.