ఎనిమిదో బిడ్డ

ముసునూరు,
29-5-1987.

చిరంజీవి దశరథరామయ్యకు, అక్క పుష్పవతి దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం ఆనవాయితీ గనుక రాశాను. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

చిన్నరసాలు ఎప్పుడు పంపుతావని అడిగావు. ఈ ఏడు పంపను. తోటల వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు.

తట్టు టీకాకు ఒక్క బిడ్డకు సరిపోయే చిన్న సీసాలు మానేసి, పది మందికి వచ్చే పెద్ద సీసాలు మా నర్సులకు ఇస్తున్నారు కదా. మార్పు పైనుంచి వచ్చిందే, కాదనను. జిల్లాకు ఏడాదికి నలభై వేలు మిగులుతాయని లెక్క కట్టి మెప్పు పొందింది మాత్రం నువ్వు. సీసా విప్పితే ఆ పూటే వాడాలి, మిగిలింది పారబోయాలి. అందుకని ఎనిమిది మంది పిల్లలు చేరందే విప్పవద్దని సర్క్యులర్‌లో చేర్చిందీ నువ్వే. జిల్లా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసి ఉంటావు.

వేసవిలో ఇక్కడి తల్లులంతా కాయకోతల్లో ఉంటారని నీకు తెలియదా? ఈ ఊళ్ళో పుట్టినవాడివే కదా!

వెంకాయమ్మ అని, తోటలో బుట్టలు మోసే మనిషి. తొమ్మిదో నెల నిండిన కొడుకును చంకనేసుకుని మూడు బుధవారాలు టీకాకు నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి నలుగురే చేరారు. రెండోసారి ముగ్గురు. మూడోసారి ఏడుగురు. ఎనిమిదో బిడ్డ కోసం పన్నెండింటి దాకా చూశాను. ఇంకా ఆలస్యమైతే మేస్త్రి కూలి కోసేస్తాడమ్మా, మావాడొక్కడికైనా వెయ్యండని బతిమాలింది. వచ్చే వారం రమ్మన్నాను. సీసా నా పక్కనే, ఐసు డబ్బాలో ఉంది.

ఆ వారమే పిల్లవాడికి తట్టు పోసింది. నాలుగో రోజుకు ఎగశ్వాస. నూజివీడు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగానే తల్లి చేతుల్లో ప్రాణం పోయింది.

నీ నలభై వేలలో ఆ బిడ్డ ఏ పద్దులోకి వస్తాడో రాయి. నీ మీద నాకు కోపం కూడా కాదు, అసహ్యం పుట్టింది. తోడబుట్టినవాడివి గనుక దాచకుండా చెబుతున్నాను. ఈ ఉత్తరం మరదలికి చూపించకు.

ఇట్లు,
నీ అక్క
పుష్పవతి

తా.క.: నిన్న పంపిన నా రిపోర్టు నీ బల్ల మీదికే వస్తుంది. బిడ్డను తల్లి టీకాకు తీసుకురాలేదని అందులో ఉంటుంది. అలా రాసింది నేనే. సీసా విప్పితే వృథా చేశానని మెమో ఇస్తారని ఆ రోజు భయపడ్డాను. విప్పనందుకు ఉద్యోగం తీస్తారని ఇప్పుడు భయపడ్డాను. ఆ రిపోర్టు కింద వెంకాయమ్మ వేలిముద్ర ఉంది. ఇదేంటమ్మా అని అడిగింది. నీ బిడ్డ పేరు రాసి పెడుతున్నానని చెప్పాను.