తీగ ఒక్కటీ లేని కంపెనీ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది.

నాలుగింటిదాకా కరెంటు రాదని బోర్డువాళ్ళు కాగితం అంటించారు. అది నమ్మి నువ్వు సాంచె మోటారు తీగ అతికించడానికి కూర్చున్నావు. స్విచ్ ఆపలేదు. మనమెవరమూ ఆపం. కరెంటు రాగానే మరమగ్గం దానంతటదే నడవాలి, మూర బట్ట కూడా తగ్గకూడదు. వాళ్ళు మూడున్నరకే కరెంటు వదిలారు.

ఎందుకు వదిలారో రాసి సంతకం పెట్టమని అప్పటినుంచీ తిరుగుతున్నాను. ఇప్పుడు ఆ బోర్డే లేదట. కరెంటు తయారీకి ఒకటి, తేవడానికి ఒకటి, పంచడానికి ఒకటి, మూడు కంపెనీలు చేశారు. వాటన్నిటి మీదా సర్కారుదే ఇంకో కంపెనీ ఉందంటే ఇవాళ ముంబై వెళ్ళాను.

అక్కడి సాహెబు నవ్వాడు. "హమారా ఏక్ తార్ భీ నహీ." వాళ్ళకు ఒక్క తీగ కూడా లేదట. ఆ మూడింటి వాటాలు పెట్టుకోవడమే వాళ్ళ పనట.

"తీగ మీది గాదు, ఖంబ మీది గాదు. మరి మా అన్నను చంపినోడెవడు?" అని తెలుగులోనే అరిచాను. వాచ్‌మన్ రెక్క పట్టి బయటికి లాగాడు.

తిరిగి మన శాంతి నగర్ వచ్చేసరికి మగ్గాల షెడ్డులో కరెంటు లేదు. స్విచ్‌లన్నీ వేసే ఉన్నాయి. నీ సాంచె మీద ఇప్పుడు పనిచేసే మల్లేశం లోపల చెయ్యిపెట్టి తెగిన పోగులు అతుకుతున్నాడు. నేను ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ పోయాను.

"గట్లెందుకు ఆపుతున్నవ్‌రా? ఆరింటిదాకా రాదని కాగితం అంటించిండ్రు గద!" అన్నాడు.

కాగితం మీద కరెంటు పంచే కొత్త కంపెనీ పేరుంది. చింపే ముందు సంతకం కోసం వెతికాను. ఎవడూ పెట్టలేదన్నా.