ఎర్ర కేకు రంగు

అక్కా,

ముందు కూర్చుని చదువు. నాకు పెళ్లి కుదిరింది.

మా బేకరీ కౌంటరు అబ్బాయి గురించి చెప్పాను కదా, నిన్న వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ నా ఎర్ర కేకు తింటూ, "ఈ రంగు ఎలా వచ్చిందమ్మా?" అని అడిగింది. నాకు అబద్ధం నోట రాదాయె. "పురుగులండీ. ఎండబెట్టి పొడి చేస్తారు" అన్నాను. అబ్బాయి మొహం పాలిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ మెల్లగా మింగి, "మరి పైన చాక్లెట్ బిళ్లల మెరుపో?" అంది.

"అదీ పురుగుదేనండీ, లక్క."

అంతే, పొట్ట పట్టుకుని నవ్వింది. "మాంసం వాసనే గిట్టని మీ నాన్నకి రోజూ నువ్వు తెచ్చే ఇవే పెడుతున్నానురా. ఈ పిల్లని వదులుకోకు" అంది.

నాకింకా నవ్వాగడం లేదు. నువ్వొచ్చినప్పుడు నాకు కాబోయే మామగారి దగ్గర నోరు జారకు. పాపం, పెళ్లి కేకు మాత్రం తెల్లగానే చేస్తాను.

నీ చెల్లి