గజం మేకులు

నంద్యాల

అక్కా,

ఆళ్లగడ్డ గుడ్డలంగట్లో ఉండిన, తాత నుంచి నాయనకొచ్చిన టేకుబల్లను నీకు చెప్పకుండానే వడ్రంగికిచ్చాను, బాత్రూంలో వాష్‌బేసిన్ బిగించడానికి. తప్పు చేశానేమోనని ఇప్పటికీ అనిపిస్తోంది.

వడ్రంగి నూర్ మహమ్మద్ రంపం తీసినవాడు, నాయన గుడ్డ కొలవడానికి బల్ల మీద గజం దూరంలో కొట్టిన రెండు ఇత్తడి మేకుల దగ్గర ఆగిపోయాడు. "ఈ కత్తెర గాట్లు చూడమ్మా. అన్నీ గజం మేకుకు నాలుగు వేళ్లు అవతలే ఉండాయి. మీ నాయన ఎప్పుడూ మేకు కాడ కోయలేదు, దాటే కోసినాడు" అన్నాడు.

నేను టేపు పెట్టి మరీ చూశాను. నిజమే.

నాయన కొలత తగ్గిస్తాడని ఊళ్లో ఎవరో అంటే, చిన్నప్పుడు మనమిద్దరం నమ్మాం కదా. ఆయన్ను ఒక్కసారైనా అడగలేదు.

"బేసిన్ మధ్యలో పెడితే ఈ గాట్లు పోతాయి, పక్కకు జరుపుతా. వంకరగా ఉందని మీ అక్క అంటే నా పేరు చెప్పు" అన్నాడు నూర్ మహమ్మద్. ఒక్క గాటు కూడా చెదరకుండా చేశాడు. ఆ పనితనం చూసి తీరాలి.

నువ్వొచ్చి ముఖం కడుక్కునేటప్పుడు ఆ గాట్ల మీద ఒకసారి చెయ్యి పెట్టు. నన్ను తిట్టాలనుంటే ఆ తర్వాత తిట్టు.

నీ చెల్లెలు